హార్మోన్లకు ముందే వీర్యం దాచుకోండి: బిడ్డ కావాలనుకునే ట్రాన్స్ మహిళలకు

ట్రాన్స్ మహిళ గర్భం దాల్చగలదా అంటే, ఇవాళ్టికి లేదు. గర్భసంచి మార్పిడితో బిడ్డ పుట్టడం మాత్రం నిజమే. 2014లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రపంచంలోనే మొదటిసారి అలాంటి కాన్పు జరిగింది. 2018లో పుణెలో కన్నతల్లి గర్భసంచినే కూతురికి అమర్చితే, అందులో ఆడపిల్ల పెరిగి పుట్టింది. ఈ శస్త్రచికిత్సలు జరిగింది పుట్టుకతో ఆడవారై, గర్భసంచి లేనివారికో, దాన్ని పోగొట్టుకున్నవారికో. వాళ్ల శరీరంలో దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు, కలపడానికి సహజమైన యోని ఉంటాయి. ట్రాన్స్ మహిళలో ఇవి లేవు, కటి ఎముకల మధ్య చోటూ తక్కువే. చర్మంతోనో పేగుతోనో కట్టిన యోనిలోని సూక్ష్మజీవులు కూడా వేరు. పైగా కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఇన్ఫెక్షన్లకు దారి తీస్తాయి. కాన్పు సిజేరియనే. కాన్పులయ్యాక గర్భసంచిని మళ్లీ తీసేస్తారు. 1931లో డ్రెస్డెన్‌లో ఇలాంటి ప్రయత్నం తర్వాత డెన్మార్క్‌కు చెందిన ట్రాన్స్ మహిళ లిలీ ఎల్బె ప్రాణాలు కోల్పోయింది. కాబట్టి "మీ కడుపు పండిస్తాం" అని డబ్బు అడిగేవారిని నమ్మకండి. గర్భసంచి లేకుండానే పొట్టలో పిండం పెంచుతామనే మాట ఇంకా ప్రమాదకరం. మాయ పేగులకో పెద్ద రక్తనాళాలకో అంటుకుంటే రక్తస్రావం ఆగక మనిషి ప్రాణమే పోతుంది.

ఒక హెచ్చరిక. వృషణాలు ఉన్నవారు ప్రెగ్నెన్సీ కిట్‌తో పరీక్షించుకున్నప్పుడు రెండు గీతలు వస్తే అది గర్భం కాదు. హెచ్‌సీజీ (ఈ కిట్ గుర్తుపట్టే హార్మోన్) ఇంజెక్షన్లు వాడకపోతే, అది వృషణాల్లో కణితికి గుర్తు కావచ్చు. ఆలస్యం చేయకుండా యూరాలజిస్టును కలిసి స్క్రోటల్ స్కానింగ్, రక్తపరీక్షలు చేయించుకోండి. తొందరగా పట్టుకుంటే ఈ క్యాన్సర్ చాలావరకు నయమవుతుంది.

మీ రక్తం పంచుకున్న బిడ్డ కావాలంటే చేతిలో ఉన్న దారి వీర్యం దాచుకోవడం. ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్, మగ హార్మోన్‌ను అడ్డుకునే స్పైరనోలాక్టోన్, సైప్రోటెరోన్ లాంటి మందులు వీర్యకణాల తయారీని తగ్గిస్తాయి, కొందరిలో పూర్తిగా ఆపేస్తాయి. అందుకే మొదటి మాత్ర వేసుకోకముందే సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాలి. వెళ్లే ముందు ఫోన్ చేసి, "సెమెన్ ఫ్రీజింగ్ కావాలి, నేను ట్రాన్స్ మహిళను, ఈ పేరుతో పిలవండి" అని చెప్పేయండి. నమూనా ఇచ్చే గదికి వెళ్లడమే భారంగా ఉంటే, ఇంట్లో సేకరించి గంటలోపు అందించవచ్చా అని అప్పుడే అడగండి. గడువు దాటితే కణాల కదలిక పడిపోతుంది.

నమూనాకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటకు పోకుండా ఉండాలి. ఉమ్మి, కొబ్బరినూనె, మామూలు లూబ్రికెంట్లు వాడకూడదు, కణాలు దెబ్బతింటాయి. కేంద్రం ఇచ్చిన శుభ్రమైన డబ్బాలోనే పట్టాలి. ఇంటి నుంచి తెస్తుంటే ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ముందుగా హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. డబ్ల్యూహెచ్ఓ 2021 ప్రమాణాల ప్రకారం కనీస పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటి అరవై లక్షల కణాలు, కదిలేవి 42 శాతం. అంతకంటే తక్కువున్నా కంగారు పడనక్కర్లేదు, కొద్ది కణాలతోనే ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం) చేయొచ్చు. కరిగించినప్పుడు దాదాపు సగం కణాలు కదలిక కోల్పోతాయి గనుక, రెండు మూడు రోజుల తేడాతో రెండు మూడు నమూనాలు ఇవ్వడం మంచిది. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తారు.

బిగుతైన లోదుస్తులతో వృషణాలను పైకి అదిమి కట్టుకుంటే (టకింగ్) అక్కడ వేడి పెరిగి కణాలు తగ్గుతాయి. ఒక కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది. నమూనా ఇచ్చే వారం కట్టు వదిలేస్తే చాలదు. మూడు నెలల ముందే వదులు చేయాలి, కనీసం ఇంట్లో ఉన్న వేళల్లోనైనా.

ఇప్పటికే హార్మోన్లు వాడుతుంటే కథ మారుతుంది. ఎండోక్రైనాలజిస్టుతో (హార్మోన్ల డాక్టరుతో) మాట్లాడి ఆపాలి, సొంతంగా కాదు. కణాలు తిరిగి రావడానికి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కొందరికి రావు. ఆ నెలల్లో టెస్టోస్టెరాన్ తిరిగి వచ్చి గడ్డం పెరుగుతుంది, మనసు చాలా బాధపడుతుంది. పక్కన ఓ మనిషి ఉండేలా ముందే చూసుకోండి. నిర్వాణం (వృషణాలు, పురుషాంగం తీసేయించుకోవడం) చేయించుకోవాలనుకునేవారు మరీ గుర్తుంచుకోవాలి. వృషణాలు తీసేశాక వెనక్కి తెచ్చుకునే మార్గం లేదు. నమూనా రాకపోతే, వాటి నుంచే నేరుగా కణాలు తీసే టీసే పద్ధతిని ఆ ఆపరేషన్ రోజే చేయమని సర్జన్‌ను, సంతాన సాఫల్య కేంద్రాన్ని కలిపి మాట్లాడించండి.

దాచిన వీర్యం ఎవరి గర్భంలోకి? గర్భసంచి ఉన్న భాగస్వామి ఉంటే దారి సులువు. ఆ భాగస్వామి మహిళ కావచ్చు, ట్రాన్స్ పురుషుడూ కావచ్చు. 2023 ఫిబ్రవరిలో కోళికోడ్‌లో ఒక ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు, ఆయన భాగస్వామి ట్రాన్స్ మహిళే. భాగస్వామికి గర్భసంచి లేకుంటే చిక్కు. 2021 సరోగసీ చట్టం పెళ్లైన జంటకు, 35 నుంచి 45 ఏళ్ల వితంతువుకో విడాకులు పొందిన మహిళకో మాత్రమే అవకాశమిచ్చింది. అదే ఏడాది వచ్చిన ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన సాఫల్య చికిత్సల) చట్టం జంటల గురించి, మహిళల గురించి మాట్లాడుతుంది. రెండింటిలోనూ ట్రాన్స్ వ్యక్తుల ప్రస్తావన లేదు, ఇది మాకు అన్యాయంగానే కనిపిస్తుంది. డబ్బు కట్టే ముందు న్యాయవాదిని సంప్రదించండి.

ఒప్పందం చదవకుండా సంతకం పెట్టకండి. ఏటా ఫీజు ఎంత, కట్టకపోతే ఎన్నాళ్లకు పారేస్తారు, మీరు చనిపోతే ఎవరికి హక్కు అన్నవి రాతలో ఉండాలి. తర్వాత ఆధార్‌లో పేరు, లింగం మారితే ఆ కాగితాలు కేంద్రానికి ఇచ్చి రికార్డు మార్పించుకోండి. ఫోన్ నంబర్ మార్చినా చెప్పండి. లేదంటే నోటీసు పాత నంబరుకే వెళ్తుంది.

వృషణాలు ఉన్నంతకాలం హార్మోన్లను గర్భనిరోధకంగా లెక్కపెట్టకండి. భాగస్వామికి గర్భసంచి ఉండి, ఇప్పుడే బిడ్డ వద్దనుకుంటే కండోమ్ వాడాల్సిందే.