పాత కారులో కూలెంట్ తగ్గిపోతోందా? ఎక్కడ కారుతుందో ముందు ఇలా పట్టుకోండి

పాత మారుతి 800, ఆల్టో, వ్యాగనార్, శాంట్రో... ఏ బండి ఉన్నవాళ్ళైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది చేసే ఉంటారు, బానెట్ ఎత్తితే రిజర్వ్ బాటిల్‌లో (ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ నిలవుండే ప్లాస్టిక్ సీసా) నీళ్ళు కింది గీత కన్నా దిగిపోయి కనిపిస్తాయి, సరేలే అని చేతిలో ఉన్న మంచినీళ్ళ సీసా ఒంపేసి మూత పెట్టేస్తారు, మళ్ళీ వారానికి అదే తంతు. అది మూసి ఉండే సిస్టమ్ అండీ, నీళ్ళు ఊరికే ఆవిరై పోయే దారి పెద్దగా లేదు. ఏడాదికి కాస్త తగ్గిందంటే పర్లేదు, వారం వారం పోయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతోంది, లేదా ఇంజన్ లోపలికి పోతోంది.

చాలామంది నేరుగా ఎక్కడ కారుతోందని వెతుకుతారు, మెకానిక్ కూడా ఓసారి తొంగి చూసి రేడియేటర్ పోయింది సార్, మార్చేద్దాం అంటాడు. నన్నడిగితే ముందు ఎప్పుడు కారుతోందో చూడండి, బండి చల్లగా ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా, ఆపేశాక వేడి మీదనా అని. అది తెలిస్తే సగం చోట్లు వాటంతట అవే లిస్టులోంచి పోతాయి.

అన్నిటికన్నా ముందు ఒక జాగ్రత్త. ఇంజన్ వేడి మీద రేడియేటర్ క్యాప్ తియ్యొద్దు, గుడ్డ కప్పి కూడా తియ్యొద్దు. ప్రెషర్ దిగని కుక్కర్ మూత లాగినట్టే. లోపల ప్రెషర్ ఉండబట్టే నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి, కూలెంట్ కలిపిన నీళ్ళయితే 120 దాకా కూడా ఆగుతాయి, మూత తీసిన క్షణం ప్రెషర్ పోయి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి తన్నుతుంది. పై హోస్ పైప్‌ని చేత్తో పట్టుకుని నొక్కితే చల్లగా, మెత్తగా ఉండాలి, అప్పుడే క్యాప్ జోలికి వెళ్ళండి. ఇంకోటి, కొన్ని కార్లలో కీ తీసేసినా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్ళు అటు పెట్టకండి.

ఇంకో చిన్న విషయం కూడా తేల్చుకోండి, కింద కనిపించే నీళ్ళన్నీ కూలెంట్ కాదు. ఏసీ వేసుకుని వచ్చి ఆపితే డాష్‌బోర్డ్ కింద సన్న పైపులోంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడతాయి, అవి రంగు వాసన లేని మామూలు నీళ్ళు, పడాలి కూడా. కూలెంట్ అయితే ఆకుపచ్చో ఎరుపో నీలమో రంగుంటుంది, వేళ్ళ మధ్య రుద్దితే కొంచెం జిడ్డుగా తగులుతుంది, వాసన తియ్యగా ఉంటుంది. నోట్లో మాత్రం పెట్టుకోకండి, అది విషం.

ఇక పట్టుకోవడం. రాత్రి బండి ఆపాక ఇంజన్ కింద పాత అట్టపెట్టె విప్పి పరిచేయండి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గుర్తు పెట్టుకోండి. పొద్దున్నే చూస్తే మరక ఎక్కడ పడిందో తెలుస్తుంది. బంపర్ వెనకాలే పడితే రేడియేటర్ లేదా దాని హోస్‌లు, బెల్టులు ఉన్న వైపు పడితే వాటర్ పంప్ మీద అనుమానం, ఇంజన్ వెనక క్యాబిన్ వైపు పడితే హీటర్ పైపులు. కాకపోతే నీళ్ళు పైన కారి, ఏదో బ్రాకెట్ పట్టుకుని జారి ఇంకెక్కడో పడతాయి కాబట్టి మరకకి నేరుగా పైనే చూసి ఆగిపోకండి, టార్చ్ వేసి పైదాకా వెళ్ళండి. ఎండిన కూలెంట్ తెల్లగానో, పచ్చగానో, తుప్పు రంగులోనో పొలుసు కట్టి చార వదులుతుంది, ఆ చారకి పైకొస ఎక్కడుందో అదే మీ లీకు.

పొద్దున్న అట్ట మీద మరక ఉంది కానీ నడిపి వచ్చాక ఎక్కడా తడి లేదంటే అది దాదాపు హోస్ క్లిప్పుల దగ్గరే. చల్లబడినప్పుడు రబ్బరు, లోహం కుంచించుకుని సందు ఇస్తాయి, వేడెక్కితే మళ్ళీ ఉబ్బి మూసుకుంటాయి. దీనికి రివర్స్‌లో, చల్లగా ఉన్నంతసేపూ పొడిగా ఉండి, ఊళ్ళో ట్రాఫిక్‌లో నడిపి ఆపిన పది నిమిషాలకి చుక్కలు మొదలైతే ప్రెషర్ ఎక్కాక తెరుచుకునే సన్న పగులు అన్నమాట, ఎక్కువగా రేడియేటర్ పక్కన ఉండే ప్లాస్టిక్ ట్యాంక్, లేకపోతే హోస్ మధ్యలో చీలిక. ఇంజన్ తిరిగేటప్పుడే చిమ్ముతూ ఆపితే ఆగిపోతోందంటే ముందు వాటర్ పంప్ చూడండి. ఏ టైములోనూ బయట ఎక్కడా తడి లేదు, అయినా తగ్గుతోంది... దాని సంగతి కింద చెప్తా, అది వేరే కథ.

కంటికి దొరకకపోతే ప్రెషర్ టెస్టర్ పెట్టించండి. క్యాప్ ఉండే చోట బిగించి చేత్తో గాలి కొట్టే చిన్న పంపు, మీటర్ ఉంటుంది. క్యాప్ మీద 0.9 అనో 1.1 అనో నంబర్ ఉంటుంది, అది బార్ లెక్క, 0.9 అంటే సుమారు 13 పీఎస్ఐ. అంతవరకే కొట్టాలి, ఎక్కువ కొడితే బాగున్న రేడియేటర్ కూడా చీలుతుంది. పది పదిహేను నిమిషాలు ముల్లు కదలకపోతే సిస్టమ్ గట్టిగా ఉన్నట్టు, దిగుతుంటే, ఇంజన్ లోపలికి పోతుంటే తప్ప, ఎక్కడో ఒకచోట చెమ్మ కనపడుతుంది. ఇంజన్ చల్లగా ఉండగానే చేసే టెస్ట్ కాబట్టి చెయ్యి కాలే భయం లేదు. ఈ టెస్ట్ చెయ్యకుండా రేడియేటర్ మార్చేద్దాం అనే గ్యారేజ్‌కి నేనైతే బండి ఇవ్వను.

రిపేర్ దగ్గరకొస్తే చవకవి ముందు. క్యాప్ కొన్ని వందల్లో వస్తుంది, దాన్నే ఎవరూ అనుమానించరు. దాని అడుగున రబ్బరు రింగు ఎండి పగిలిందా చూడండి, మధ్యలో చిన్న వాల్వ్ ఉంటుంది, దాన్ని గోరుతో లాగి వదిలితే టక్కున వెనక్కి పోవాలి. క్యాప్ పోతే గుర్తులు రెండు, రిజర్వ్ బాటిల్ నిండి పొర్లుతుంటుంది కానీ రేడియేటర్‌లో మాత్రం తక్కువుంటుంది, లేదా బండి చల్లబడ్డాక పై హోస్ లోపలికి పీల్చుకుని అప్పడంలా అతుక్కుపోతుంది. అదే నంబర్ ఉన్న క్యాప్ తెచ్చి వేయండి, ఎక్కువ నంబర్ వేస్తే ఇంకా బాగుంటుందనే తెలివితేటలు వద్దు, పాత హోస్‌లు తట్టుకోలేవు. పోలో లాంటి వాటిలో రేడియేటర్ మీద క్యాప్ ఉండదు, ప్లాస్టిక్ ట్యాంక్ మూతే ప్రెషర్ క్యాప్, కాబట్టి రిజర్వ్ బాటిలే కదా అని దాన్ని వేడి మీద తెరవకండి.

హోస్‌ని నొక్కి చూస్తే రబ్బరు మెత్తగా ఉబ్బిపోయినా, గట్టిపడి కరకరమన్నా, చివర్లలో పగుళ్ళున్నా మార్చేయడమే. పాత హోస్‌ని స్క్రూడ్రైవర్‌తో కుళ్ళగించి లాగకండి, అవతల ప్లాస్టిక్ మూతి పగిలితే రేడియేటర్ ఖర్చు పడుతుంది, బ్లేడ్‌తో నిలువుగా కోసి ఒలిచేయండి. మూతి మీద పేరుకున్న పొలుసు సన్న ఎమరీ పేపర్‌తో తుడిచి, కొత్త హోస్ ఎక్కించి, క్లిప్‌ని అంచుకి కొంచెం ఇవతల కూర్చోబెట్టండి. స్క్రూ క్లిప్ అయితే రబ్బరు కోసుకుపోయేంత బిగించక్కర్లేదు. లీకు ఆగలేదని సీలెంట్ పూసే అలవాటు ఉంది చాలామందికి, మంచి హోస్, శుభ్రంగా ఉన్న మూతి ఉంటే దాంతో పనే లేదు. పై హోస్, కింది హోస్ మార్చి మధ్యలో ఉండే చిన్న బైపాస్ పైపు వదిలేస్తారు, అన్నీ ఒకే వయసువి కాబట్టి అన్నీ ఒకేసారి మార్చుకోండి.

రేడియేటర్ పాతకాలపు రాగి ఇత్తడిదైతే టంకం వేయించుకోవచ్చు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇదే పని చేసేవాళ్ళున్నారు. ఇప్పటి వాటిలో ఎక్కువ అల్యూమినియం జాలీకి ప్లాస్టిక్ ట్యాంక్ మడత పెట్టి నొక్కినవి. ఆ ప్లాస్టిక్ వేడికి ఏళ్ళ తరబడి ఎండి పెళుసైపోతుంది, ఎం సీల్ పెడితే ఇంటికి చేరడానికి పనికొస్తుంది అంతే, మళ్ళీ ఇంకో పక్క పగులుతుంది. అలాంటిదైతే కొత్తదే నయం.

వాటర్ పంప్ బాడీ కింద ఒక చిన్న బెజ్జం ఉంటుంది, కావాలనే పెట్టింది. లోపల సీల్ అరిగితే నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా ఆ బెజ్జంలోంచి బయటకి వస్తాయి, అక్కడ చార కనిపిస్తే పంప్‌కి టైమ్ అయిపోయినట్టే, బెజ్జం మూసేసే ప్రయత్నం చెయ్యకండి. ఇంజన్ ఆపి పంప్ పుల్లీని పట్టుకుని ఊపితే లూజు ఉండకూడదు. కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్ట్ విప్పితే గానీ పంప్ రాదు, అలాంటప్పుడు బెల్ట్ కూడా కొత్తది వేయించుకోండి, లేబర్ ఒకటే కదా.

హీటర్ లీకు మన దగ్గర చాలా లేటుగా తెలుస్తుంది, ఎందుకంటే హీటర్ అనేది ఒకటుందని కూడా గుర్తుండదు. ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా జిడ్డుగా ఉండటం, తియ్యటి వాసన, అద్దం లోపలివైపు జిడ్డు పొగ పట్టడం, ఇవన్నీ కలిస్తే హీటర్ కోర్, అంటే డాష్‌బోర్డ్ లోపల ఉండే చిన్న రేడియేటర్, పోయినట్టు. అది మార్చాలంటే డాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సిన కార్లు చాలా ఉన్నాయి. ఇంజన్ దగ్గరే రెండు హీటర్ పైపుల్ని ఒకదానికొకటి కలిపేసి హీటర్‌ని పక్కన పెట్టేస్తారు, గుంటూరులోనో కరీంనగర్‌లోనో తిరిగే పాత బండికి అది తప్పేం కాదు. లంబసింగి చలికి తరచూ వెళ్ళేవాళ్ళయితే ఆలోచించుకోండి.

ఇక బయట తడి లేకుండా తగ్గిపోయే కేసు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి స్టార్ట్ చేసి రేడియేటర్ మూతిలో చూడండి, ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి పోతోందని అనుమానం. క్యాప్ పెట్టి స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంజన్ ఇంకా వేడెక్కకుండానే, పై హోస్ రాయిలా గట్టిపడినా అంతే. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపించినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కి, కింది బ్లాక్‌కి మధ్య ఉండే సీల్) వైపే చూపిస్తాయి. వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి ఆయిల్ మూత కింద కొంచెం తెల్ల నురగ మామూలే, అది చూసి కంగారుపడకండి. ఆయిల్ మొత్తం రంగు మారిందంటే మాత్రం స్టార్ట్ కూడా చెయ్యకుండా టో చేయించండి. హెడ్ విప్పాక ఒంపు చెక్ చేయించి, అవసరమైతే లేత్‌లో ఫేసింగ్ కొట్టించాలి, ఒంపు సాధారణంగా 0.05 మిల్లీమీటర్ దాటకూడదు, కొత్త గ్యాస్కెట్ పెట్టి ఊరికే బిగించేస్తే మళ్ళీ అదే పని.

రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని డ్రైవర్లు చెప్తుంటారు. సన్న చెమ్మ అయితే కాసేపు ఆగొచ్చు, నిజమే, కానీ ఆ పసుపుకి లీకు బెజ్జం ఏదో, రేడియేటర్ సన్న గొట్టం ఏదో తెలీదు, రెండూ పూడుస్తుంది. సీసాల్లో అమ్మే లీక్ స్టాప్ కూడా అదే పద్ధతి. అలాగే హీట్ ఎక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది) పీకేయడం, ఇదొక జబ్బు మన మెకానిక్‌లకి. వాల్వ్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి చేరక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అసలు లీకు అలాగే ఉంటుంది. చెడిపోతే కొత్తది వేయండి.

మళ్ళీ నింపేటప్పుడు బోరు నీళ్ళు వద్దు, సున్నం పొర కట్టి రేడియేటర్ గొట్టాలు మూసుకుపోతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. మన ఎండలకి కూలెంట్ ఎందుకు, నీళ్ళు చాలవా అంటారు కొందరు, అది గడ్డకట్టకుండా చూడ్డానికే కాదు, తుప్పు ఆపుతుంది, మరిగే డిగ్రీ పెంచుతుంది. చిక్కటిదైతే డబ్బా మీద చెప్పినంత డిస్టిల్డ్ వాటర్ కలపాలి, రెడీమేడ్‌గా కలిపి వచ్చేదానికి మళ్ళీ నీళ్ళు పొయ్యకండి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపకండి, రంగుకి పక్కా రూల్ ఏం లేదు, కార్ మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే. తీసిన పాత కూలెంట్‌ని మూత ఉన్న డబ్బాలో పట్టి గ్యారేజ్‌కి ఇచ్చేయండి, తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు నాకి చచ్చిపోతాయి.

నింపేటప్పుడు గాలి ఇరుక్కుంటే లీకు సరిచేసినా బండి హీట్ ఎక్కుతుంది. ముందు చక్రాలు కొంచెం ఎత్తులో ఉండేలా ఆపి, హీటర్ నాబ్ ఫుల్ వేడికి తిప్పి, మెల్లగా పోస్తూ పై హోస్‌ని పిసుకుతూ ఉండండి. చల్లటి ఇంజన్‌ని క్యాప్ లేకుండానే స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలితే బుడగలు వస్తూ నీళ్ళు దిగుతుంటాయి, కాస్త కాస్త పోస్తూ ఉండండి, మొహం దూరంగా పెట్టుకుని. మామూలుగా 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుని ఒక్కసారి గబుక్కున దిగుతుంది, మళ్ళీ నింపి, పొంగకముందే క్యాప్ పెట్టి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూడండి.

దారిలో టెంపరేచర్ మీటర్ ముల్లు పైకెక్కితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి కిందకి పడిపోయిందని సంతోషించొద్దు, సెన్సార్ దగ్గర నీళ్ళే లేకపోయినా అలా పడుతుంది. కాలుతున్న ఇంజన్‌లో చల్లనీళ్ళు పోస్తే హెడ్ పగలొచ్చు, పూర్తిగా చల్లారనివ్వండి, శ్రీశైలం ఘాట్ మధ్యలో అయినా సరే కూర్చోవాల్సిందే.

పని అంతా అయ్యాక మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతి దాకా నీళ్ళున్నాయో లేదో చూసి, రిజర్వ్ బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. మొదటి రోజుల్లో మిగిలిన గాలి పోయి కొంచెం దిగుతుంది, ఒకసారి నింపేయండి. ఆ తర్వాత కూడా గీత కిందకి పోతూ, అట్ట పొడిగానే ఉంటే హెడ్ గ్యాస్కెట్ టెస్ట్‌కి తీసుకెళ్ళండి.