క్రిప్టో రూల్స్ వార్త కనిపిస్తే దాన్ని ఎలా చదవాలి

ఫలానా దేశం క్రిప్టో మీద కొత్త చట్టం తెచ్చింది అని హెడ్‌లైన్ రాగానే చాలామంది చేసే పని బిట్‌కాయిన్ రేటు చూడ్డం. రేటు సంగతి ట్రేడర్లు చూస్కుంటారు లెండి. ఆ రూల్ వల్ల ప్రపంచ ఆర్థిక వ్యవస్థకి ప్రమాదం తగ్గిందా, లేక ఉన్న ప్రమాదమే ఇంకో చోటికి జరిగి కూర్చుందా అనేది తెలియాలంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి, నేను చదివే పద్ధతి చెప్తా.

ముందు వార్త దేని గురించో తేల్చుకోండి, ఎందుకంటే డిజిటల్ కరెన్సీ అనే ఒక్క మాటలో మూడు రకాల సరుకు కలిపేస్తారు. బిట్‌కాయిన్ లాంటిది ఒకటి, దాని వెనక ఎవరూ లేరు, డబ్బు తిరిగిస్తాం అని ఎవరూ మాటివ్వలేదు. రెండోది స్టేబుల్‌కాయిన్, ఒక కంపెనీ మీ దగ్గర డాలర్ తీసుకుని టోకెన్ ఇచ్చి ఎప్పుడడిగినా డాలర్ వెనక్కిస్తా అంటుంది. మూడోది సెంట్రల్ బ్యాంకే వదిలే డిజిటల్ డబ్బు, బహామాస్‌లో 2020లో వచ్చిన శాండ్ డాలర్, నైజీరియాలో 2021లో వచ్చిన ఈనైరా ఈ రకం. ఈ మూడోదాని గురించి రచ్చ ఎక్కువ, వాడకం తక్కువ, అందుకే ఇక్కడ వదిలేస్తున్నా.

బిట్‌కాయిన్ సగానికి సగం పడితే పట్టుకున్నవాడి జేబుకి చిల్లు పడుతుంది, అంతే. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్చేంజ్ (కాయిన్లు కొని అమ్మే చోటు) దివాలా తీసినప్పుడు కస్టమర్లు లబోదిబోమన్నారు గానీ ప్రపంచంలో బ్యాంకింగ్ ఏమీ ఆగిపోలేదు, పెద్ద బ్యాంకులు అందులో పెద్దగా వేలు పెట్టలేదు కాబట్టి. అలా పెట్టకుండా ఉండాలనే బ్యాంకులకి ప్రపంచ స్థాయిలో ప్రమాణాలు రాసే బాసెల్ కమిటీ 2022 డిసెంబర్‌లో లిమిట్ రాసింది, ఇలాంటి రిస్కీ క్రిప్టో బ్యాంకు టైర్ 1 క్యాపిటల్‌లో (నష్టమొస్తే ముందు తట్టుకునే దాని సొంత డబ్బులో) 2 శాతం దాటకూడదు, మామూలుగా 1 శాతం లోపే ఉండాలి, పైగా 1250 శాతం రిస్క్ వెయిట్. అంటే సుమారుగా ఎంత క్రిప్టో కొంటే అంత సొంత క్యాపిటల్ పక్కన పెట్టాలి. కాబట్టి వార్తలో బ్యాంకులకి క్రిప్టో లిమిట్ సడలించారు అని కనిపిస్తే రేటు సంగతి పక్కనపెట్టి అది రెండుసార్లు చదవండి.

ఇక అసలు కథ స్టేబుల్‌కాయిన్‌ది. తిరిగిస్తా అని మాటిచ్చాడు అంటేనే జనం అందరూ ఒకేసారి వచ్చి అడిగే రోజు ఒకటి రావచ్చు, పేరులో స్టేబుల్ ఉన్నంత మాత్రాన ఆ రోజు రాకుండా పోదు. 2022 మేలో టెర్రా యూఎస్‌డీ అనే స్టేబుల్‌కాయిన్‌కి అదే జరిగింది, వెనక సరిపడా డాలర్లు లేవు, లూనా అనే ఇంకో టోకెన్‌తో లెక్క సరిచేసే అల్గారిథమ్ ఉంది, జనం పరిగెత్తగానే కొద్ది రోజుల్లో రెండూ కుప్పకూలాయి. అందుకే రూల్‌లో మొదట వెతకాల్సింది రిజర్వ్, అంటే టోకెన్ల వెనక ఉంచే డబ్బు, దేంట్లో పెట్టమన్నారు అని.

నిజం డాలర్లే ఉన్నా గ్యారంటీ లేదని 2023 మార్చిలో తెలిసింది. శుక్రవారం సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడింది, యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ ఇచ్చే కంపెనీ సర్కిల్ తన దాదాపు 40 బిలియన్ డాలర్ల రిజర్వ్‌లో 3.3 బిలియన్లు అక్కడే ఉన్నాయని చెప్పింది, వీకెండ్‌లో బ్యాంకులు ఉండవు గానీ క్రిప్టోకి సెలవు లేదు కదా, డాలర్ కాయిన్ 88 సెంట్ల దాకా జారింది. ఆదివారం అమెరికా ప్రభుత్వం ఆ బ్యాంక్ డిపాజిట్లన్నిటికీ భరోసా ఇచ్చాకే కోలుకుంది. ఇక్కడ జబ్బు బ్యాంక్ నుంచి కాయిన్‌కి అంటింది, రేపు కాయిన్ నుంచి బ్యాంక్‌కి కూడా అంటొచ్చు.

ఇది గుర్తుపెట్టుకుని రెండు పెద్ద చట్టాలు పక్కపక్కన పెట్టి చూడండి. యూరప్ మైకా చట్టం ప్రకారం ఒకే కరెన్సీకి కట్టిన స్టేబుల్‌కాయిన్ వెనక కనీసం 30 శాతం, బాగా పెద్ద కాయిన్లయితే 60 శాతం, బ్యాంక్ డిపాజిట్లలో ఉండాలి. అమెరికా 2025 జూలైలో తెచ్చిన జీనియస్ చట్టం క్యాష్, డిపాజిట్లతో పాటు 93 రోజుల్లోపు ట్రెజరీ బిల్లులు (అమెరికా ప్రభుత్వం కొద్ది కాలానికి తీసుకునే అప్పు పత్రాలు) ఒప్పుకుంటుంది. అంటే యూరప్‌లో రన్ వస్తే, అంటే జనం అందరూ ఒకేసారి డబ్బు అడిగితే, దెబ్బ ముందు బ్యాంకులకి, అమెరికాలో అయితే బిల్లులు ఒక్కసారిగా అమ్మాల్సొస్తే ఆ మార్కెట్‌కి. నాకైతే రెండోదే ఎక్కువ భయం, ఎందుకంటే ఆ మార్కెట్ మీద ప్రపంచమంతా ఆధారపడుంది.

తర్వాత వడ్డీ లైన్ చూడండి. రెండు చట్టాలూ కాయిన్ ఇచ్చే కంపెనీ వడ్డీ ఇవ్వకూడదు అంటాయి, లేకపోతే బ్యాంకుల్లో డిపాజిట్లు ఖాళీ అయిపోతాయని. కానీ అమెరికా చట్టంలో నిషేధం కాయిన్ ఇచ్చే కంపెనీకే, ఎక్స్చేంజ్ రివార్డ్స్ అని వేరే పేరుతో ఇస్తే ఏంటి అనే గొడవ అక్కడే మొదలైంది. కొత్త రూల్ ఏదొచ్చినా ఈ సందు మూసారా లేదా చూడండి.

లెక్కలు ఎవరు చూస్తారనేది కూడా ముఖ్యమే. అమెరికాలో ఫ్యూచర్స్ లాంటి మార్కెట్లని చూసే సీఎఫ్‌టీసీ అనే సంస్థ 2021లో టెథర్ అనే స్టేబుల్‌కాయిన్ కంపెనీకి 41 మిలియన్ డాలర్ల ఫైన్ వేసింది, 2016 నుంచి 2018 మధ్య 26 నెలలు చూస్తే టోకెన్లకి సరిపడా డాలర్లు ఉన్నది 27.6 శాతం రోజులే అని తేల్చింది. కాబట్టి రూల్‌లో పూర్తి ఆడిట్ అడిగారా, లేక ఫలానా తేదీన ఇంత ఉంది అని ఒక సర్టిఫికెట్‌తో సరిపెట్టారా అని చూడండి. రెండోదైతే ఆ తేదీకి ముందు రోజు అప్పు తెచ్చి చూపించినా ఎవరికీ తెలీదు.

దేశం చిన్నదైతే ఇంకో ప్రశ్న కలపండి, ఈ రూల్ పరాయి కరెన్సీ కాయిన్‌ని ఆపుతుందా అని. స్టేబుల్‌కాయిన్లలో దాదాపు అన్నీ డాలర్‌వే, జనం దాచుకునే డబ్బు ఫోన్‌లోనే డాలర్‌లోకి మార్చేస్తే అక్కడి సెంట్రల్ బ్యాంక్ వడ్డీ రేటు ఎంత పెంచినా ఆ డబ్బుని తాకదు.

చివరిగా అమలు తేదీ. ప్రపంచ స్థాయిలో ఆర్థిక స్థిరత్వం చూసే ఎఫ్ఎస్‌బీ అనే సంస్థ 2023 జూలైలో సిఫార్సులు ఇచ్చింది గానీ వాటిని ఏ దేశం మీదా రుద్దలేదు, ఎవరి చట్టంలో వాళ్లు పెట్టుకోవాలి. మైకా కూడా 2023లో పాసైనా స్టేబుల్‌కాయిన్ భాగం 2024 జూన్ 30న, మిగతాది డిసెంబర్ 30న అమల్లోకి వచ్చాయి. కాబట్టి హెడ్‌లైన్‌లో ఆమోదం అని ఉంటే కిందకి వెళ్లి ఎప్పటి నుంచి అనే లైన్ వెతకండి, చాలాసార్లు అది ఆఖరి పేరాలో ఉంటుంది.