పేపర్ బొమ్మకి ప్రాణం – 4: తల తిప్పడం

మీరు ఎంచుకున్న కామిక్ స్ట్రిప్ బొమ్మవి ఇరవై తలలు కత్తిరించి, ఎటు చూస్తున్నాయో దాన్ని బట్టి కుప్పలు పెట్టమని పోయిన పాఠంలో చెప్పాను. ఎడమకి, కుడికి చూసేవి బోలెడు దొరికి ఉంటాయి. నేరుగా మన వంక చూసేవి కొన్నే. వెనక నుంచి కనిపించేవి ఇంకా తక్కువ. స్ట్రిప్‌లో బొమ్మలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, మనతో కాదు. అందుకే ముఖాలు ఎక్కువగా కాస్త పక్కకి తిరిగి ఉంటాయి.

ఇవాళ్టి పని ఒక్కటే. కుడికి చూస్తున్న తల ఎడమకి తిరగాలి. వినడానికి ఎంతసేపు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, ‘పీనట్స్’ అనే అమెరికన్ కామిక్ స్ట్రిప్‌లోని పిల్లాడు చార్లీ బ్రౌన్ తలని మట్టితో చేయడం మొదలుపెట్టాను. గుండ్రటి తల, నాలుగు గీతలు, అంతేగా! పక్క నుంచి చూస్తే అచ్చం వాడే. కొంచెం తిప్పానో లేదో, నుదుటి మీది జుట్టు మెలిక కొమ్ములా పొడుచుకొచ్చింది. ముక్కేమో బుగ్గ మీదికి పోయింది. ముందు వైపు సరిచేస్తే పక్క చెడేది, పక్క సరిచేస్తే ముందు చెడేది. రెండు రోజుల తర్వాత అది బంగాళాదుంపకి కళ్లు పెట్టినట్టు తయారైంది.

ఎందుకలా అయిందంటే, చార్ల్స్ షుల్జ్ గీసిన ఆ తల ఒక వస్తువు కాదు. పక్క నుంచి చూసే తల ఒక బొమ్మ, ఎదురుగా చూసే తల ఇంకో బొమ్మ. ఆ రెండింటికీ సరిపోయే ఉండ ఏదీ లేదు. 1950 అక్టోబర్ 2 నుంచి 2000 ఫిబ్రవరి 13 దాకా 17,897 ‘పీనట్స్’ స్ట్రిప్పులు ఆయన ఒక్కడే గీశాడు. చదివేవాడు ఏ ఒక్కరోజూ ఆ తలని చుట్టూ తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

బ్లూ స్కై స్టూడియో 2015లో స్టీవ్ మార్టినో దర్శకత్వంలో ‘ద పీనట్స్ మూవీ’ తీసినప్పుడు ఎదురైన చిక్కు ఇదే. అది కంప్యూటర్‌లో త్రీడీగా తీసిన సినిమా. పైగా స్క్రిప్ట్ రాసినవాళ్లలో షుల్జ్ కొడుకు క్రెయిగ్, మనవడు బ్రయాన్ ఉన్నారు. తాతగారి గీత పోతే ఇంట్లోనే అడిగేవాళ్లున్నారన్నమాట. ఆ యానిమేటర్లు అన్ని వైపులకీ పనికొచ్చే ఒకే తల కోసం పాకులాడలేదు. ఏ వైపు తిరిగితే ఆ వైపుకి కన్ను, ముక్కు, చెవి ఎక్కడుండాలో విడిగా అమర్చుకున్నారు. తల తిరిగేటప్పుడు ఒక అమరిక నుంచి ఇంకోదానికి గెంతేశారు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు, ఉంటే, ఒక్కో పోజ్‌ని 2 ఫ్రేముల పాటు కదలకుండా ఉంచారు. 1965 ‘పీనట్స్’ క్రిస్మస్ టీవీ స్పెషల్‌లో దర్శకుడు బిల్ మెలెండెజ్ బృందం చేతితో గీసిన కదలికలో ఉన్న ఆ చిన్న కుదుపు మళ్లీ కనిపించేది అందుకే. అన్నట్టు, మెలెండెజ్ 2008లోనే పోయినా, ఈ సినిమాలో చార్లీ బ్రౌన్ కుక్క స్నూపీ గొంతు ఆయనదే. పాత రికార్డింగులు వాడుకున్నారు.

నన్నడిగితే, పాత బొమ్మల్ని మళ్లీ తెర మీదికి తెచ్చేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. నూనె రాసినట్టు నున్నగా జారిపోయే కదలిక కంప్యూటర్ ఊరికే ఇస్తుంది. ఇస్తోంది కదా అని తీసుకుంటారు.

ఇక పనిలోకి. కుడి కుప్పలోంచి ఒక తల, ఎడమ కుప్పలోంచి ఒక తల తీసుకోండి. ట్రేసింగ్ పేపర్ మీద రెండూ ఒకే సైజులో, గడ్డం ఒకే చోటుకి వచ్చేలా గీయండి. మధ్యలో ఎదురు చూపు బొమ్మ మాత్రం గీయకండి. చెయ్యి లాగుతుంది, అయినా వద్దు. దాని బదులు ఇంకో రెండు బొమ్మలు కావాలి. ఒకటి కుడి తలే, కళ్లు మూసుకుని, తల ఒక అగ్గిపుల్ల మందం కిందికి దిగి ఉండాలి. రెండోది ఎడమ తల, అదీ అలాగే, కళ్లు మూసుకుని, కిందికి దిగి.

ఫోన్‌ని స్టాండులో కదలకుండా బిగించి, స్టాప్ మోషన్ యాప్‌లో సెకనుకి 12 ఫొటోలు పెట్టుకోండి. మొదటి 4 ఫొటోలు మామూలు కుడి తల. 5వది కళ్లు మూసిన కుడి తల. 6వది కళ్లు మూసిన ఎడమ తల. 7 నుంచి 12 దాకా మామూలు ఎడమ తల. తిరగడానికి పట్టింది రెండే ఫొటోలు, అంటే సెకనులో ఆరో వంతు. ఆ రెప్పపాటు చాటున మధ్యలో బొమ్మ లేదన్న సంగతి కన్ను పట్టించుకోదు. పట్టేసిందంటే రెండు తలల సైజు తేడా వచ్చినట్టే. ముందు అది చూసుకోండి.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లు రెండు తలలు విడిగా చేసి, సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫొటోకి 2 ఫ్రేముల లెక్కన 11వ ఫ్రేమ్ దగ్గర ఒకటి దాచి రెండోది చూపించండి. టైమ్‌లైన్‌లో కదలిక కీ ఫ్రేములన్నీ (మీరు పోజ్ పెట్టిన ఫ్రేములు) ఎంచుకుని ‘టి’ నొక్కి ‘కాన్‌స్టంట్’ పెట్టండి, లేకపోతే అది మధ్యలో సొంత తెలివి చూపిస్తుంది. కెమెరా మాత్రం కదపొద్దు. ఈ తలలు ఆ ఒక్క కెమెరా కోసమే పుట్టాయి.

వచ్చే పాఠానికి ఇదే తల మూడు రకాలుగా తిప్పి తీసుకురండి: ఎవరో పిలిస్తే, ఏదో చప్పుడైతే, తిరగడం ఇష్టం లేకపోతే. మూడోదానికి 5వ ఫొటోని ఎన్నిసార్లు పెట్టాలో మీరే తేల్చుకోండి.