యకుయిమోన్ ద్వారంలో పుచ్చిన స్తంభం మొదలు మార్చడం

జపాను కొయ్య ద్వారాల్లో తరచుగా పుచ్చేది స్తంభం అడుగు. రాతి మీద కూర్చున్న నారల కొసలు దీపం వత్తిలా నీటిని పైకి పీలుస్తాయి. పేరుకున్న మట్టి రాయిని కప్పేస్తే ఇక ఆరే వీలుండదు. అయినా స్తంభం మొత్తం మార్చనక్కర్లేదు, పుచ్చిన మేర కోసి కొత్త మొదలు అతకవచ్చు. దీన్నే నెత్సుగి అంటారు.

యకుయిమోన్ అంటే కప్పున్న నాలుగు స్తంభాల ద్వారం. దానికి ముందు రెండు కగామిబషిరా (ప్రధాన స్తంభాలు), వెనక రెండు హికాఎబషిరా (ఆసరా స్తంభాలు) ఉంటాయి. కప్పు వెన్ను నట్టనడుమ కాక ముందు స్తంభాల వైపు జరిగి ఉంటుంది కాబట్టి బరువులో పెద్ద వాటా వాటిదే, తలుపులూ వాటికే వేలాడతాయి. తలుపు నేలను గీకుతుంటే ముందు ఆ స్తంభం అడుగు చూడండి.

కొయ్యసుత్తితో కింది నుంచి తట్టుకుంటూ పైకి రండి. డొల్లగా మోగినచోట సన్నటి ఊచ గుచ్చితే తేలిగ్గా దిగిపోతుంది. గట్టి కర్ర తగిలిన చోట గీత గీయండి, అతుకంతా ఆ గీతకు పైనే రావాలి. అడ్డపట్టీ (నుకి) దూరే బెజ్జానికి మాత్రం దూరంగా ఉంచండి.

పాత కర్ర హినోకి (జపాను సైప్రస్) అయితే హినోకి, కెయాకి (జపాను జెల్కోవా) అయితే కెయాకి తీసుకోండి. పచ్చికర్ర వద్దు, ఆరాక ముడుచుకుని అతుకు వదులవుతుంది. చెట్టు మొదలు వైపు కిందికే ఉండాలి.

ముందు అడుగును రాతికి కుదర్చండి. ముక్కను రాయి మీద నిలువుగా నిలబెట్టి, రాతి ఎగుడుదిగుళ్లను చుట్టూ గీసి, ఉలితో చెక్కాలి. ఈ పనికి హికరిత్సుకె అని పేరు. నడుమ కాస్త గుల్ల చేస్తే అంచులు గట్టిగా కూర్చుంటాయి. ఒక్కసారికి కుదరదు, చెక్కిన ప్రతిసారీ ముక్క పొట్టి అవుతుంది. అందుకే అతుకు కొలతలు చివర్లో గీయాలి.

అతుకుల్లో కనవాత్సుగి అనే రకం మేలు. పొడవు స్తంభం మందానికి రెండున్నర నుంచి మూడు రెట్లు, అంటే 6 సున్ (సుమారు 18 సెం.మీ.) స్తంభానికి 45 నుంచి 54 సెం.మీ. రెండు సగాలూ ఒకే ఆకారం: కొసల్లో నాలుక, దాని గాడి, నడుమ ఒక మెట్టు. తలుపులు విప్పి, దూలం కింద జాకీలు పెట్టి, నాలుక పొడవుకన్నా కాస్త ఎక్కువ లేపండి. లేపడం నాలుగు స్తంభాల దగ్గరా సమంగా జరగాలి, లేదంటే నుకి బెజ్జాలు చీలతాయి. కొత్త ముక్కను పక్క నుంచి తెచ్చి రాతి మీద నిలిపి, స్తంభాన్ని మెల్లగా దించితే నాలుకలు గాడుల్లో దిగి, నడుమ చదరపు సందు తెరుచుకుంటుంది. అందులో ఎండిన కషి (జపాను ఓక్) చీల దిగగొట్టాలి. వదులుగా ఉంటే అతుకు ఆడుతుంది, మరీ బాదితే మెట్టు మడమ నారవెంట తెగి ఊడుతుంది. సుత్తి మోత బరువెక్కగానే ఆపాలి.

ఓసాకా కోట ప్రధాన ద్వారం ఒతెమోన్‌లో ఒక వెనక స్తంభానికి ఇంకో రకం అతుకుంది. రెండు ముఖాల్లో పావురం తోకలా, మిగతా రెండింట్లో కొండ కొమ్ములా కనిపిస్తుంది. లోపల ఏముందో ఎక్స్‌రే తీశాకే తేలింది, అది ఏటవాలుగా జారే అతుకు. చూడ్డానికి ముచ్చటే గానీ, మామూలు ద్వారానికి అంత హంగు అక్కర్లేదు.

జాకీలు తీశాక మట్టిని రాతి పైఅంచుకు బాగా దిగువదాకా తవ్వేయండి. అడుగున రాగిరేకు చుట్టాలనుకుంటే కింది అంచు తెరిచే ఉంచండి, మూసేస్తే లోపలి తడి బయటికి పోదు.