అడవికీ కొండకీ కట్టుకెళ్లే వాచీ ఎలా ఎంచుకోవాలి?

షాపులో ముందు వాచీని తిప్పి, వెనక మూత చూడండి. రంగు, బ్రాండు తర్వాత.

1. నీటి లెక్క
మూత మీద 30 మీటర్లు అని ఉంటే అంత లోతుకు దిగొచ్చని కాదు. కదలకుండా ఉన్న వాచీ మీద ల్యాబ్‌లో పెట్టిన ఒత్తిడి అది. అలాంటి వాచీ చేతులు కడుక్కోవడానికి, చినుకులకు సరిపోతుంది, అంతే. వాగులు దాటేవాళ్లు, ఈత కొట్టేవాళ్లు కనీసం 100 మీటర్లది తీసుకోవాలి. నీళ్లను ఆపేది లోపలున్న సన్నటి రబ్బరు రింగు. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది. అందుకే బ్యాటరీ వేయించినప్పుడల్లా రింగు కూడా మార్చమని అడగండి. రింగు పాడైతే ఖరీదైన వాచీలోకి కూడా నీళ్లు వెళ్తాయి.

2. దెబ్బలు
క్యాసియో ఇంజినీరు కికువో ఇబే పెట్టుకున్న లక్ష్యాలు మూడు: 10 మీటర్ల ఎత్తు నుంచి పడినా పగలకూడదు, 10 బార్ల (అంటే 100 మీటర్ల లెక్క) నీటి ఒత్తిడి తట్టుకోవాలి, బ్యాటరీ 10 ఏళ్లు రావాలి. 1983లో వచ్చిన జీ-షాక్ వాచీ ఆ పట్టుదల ఫలితమే. మీరు చేయగల పరీక్ష ఒకటుంది. వాచీని బోర్లించి బల్ల మీద పెట్టండి. అద్దం బల్లకు తగలకుండా చుట్టూ ఉన్న అంచే ఆనితే మంచిది. సఫైర్ అద్దానికి (కృత్రిమ నీలంతో చేసేది) గీతలు అంత సులువుగా పడవు కానీ గట్టి దెబ్బకు పగలొచ్చు. మినరల్ అద్దం (గట్టిపరచిన మామూలు గాజు) చవక, నాకైతే అదే చాలు.

3. ఛార్జింగ్
జీపీఎస్ ఆన్‌లో ఉంటే స్మార్ట్‌వాచ్ ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. కరెంటు లేని చోట రోజుల తరబడి తిరగాలంటే సోలార్ వాచీయో, మామూలు బ్యాటరీ వాచీయో నయం.

4. దిక్కులు
గంటల ముల్లును సూర్యుడి వైపు పెడితే, దానికీ 12కీ మధ్య గీత దక్షిణం చూపిస్తుందని చెబుతారు. ఉత్తరాన దూరంగా ఉన్న దేశాల్లో అది పనికొస్తుంది. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, ఒక్కోసారి ఉత్తరానికి కూడా జరుగుతాడు. దాన్ని నమ్ముకుంటే దారి తప్పుతారు. చిన్న దిక్సూచి విడిగా పెట్టుకోండి.

5. పట్టీ
వాచీ కింద నుంచి ఒకే ముక్కగా దూరి వచ్చే నైలాన్ పట్టీ మంచిది. పట్టీని పట్టి ఉంచే రెండు పిన్నుల్లో ఒకటి ఊడినా వాచీ రెండో దానికి వేలాడుతుంది. దీట్ (DEET) అనే రసాయనం ఉన్న, ఒంటికి రాసుకునే దోమల మందు కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. రాసుకున్నాక చేయి ఆరనిచ్చి వాచీ కట్టుకోండి.