ఉప్పు కరగడం ఆగిపోయిందా? సమతాస్థితిని ఇంట్లోనే ఎలా అర్థం చేసుకోవాలి

ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతుంటే ప్రతి ఏడాదీ ఈ ప్రశ్న వస్తుంది: "సమతాస్థితి అంటే చర్య ఆగిపోవడమే కదండీ?" కాదు. ముందుకీ వెనక్కీ జరిగే రెండు చర్యలూ ఒకే వేగంతో సాగుతూ ఉండటం. ఈ ఒక్క అపోహ పోతే పాఠంలో సగం వచ్చేసినట్టే.

ముందు వశిష్ఠ గోదావరి మీద నరసాపురం–సఖినేటిపల్లి పంటుని తలచుకోండి. గంటకి అటు ఎంతమంది దాటుతున్నారో ఇటూ అంతమందే దాటుతున్నారనుకుందాం. రెండు రేవుల్లోనూ జనం లెక్క మారదు, పంటు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక రేవులో వెయ్యిమంది, ఇంకో రేవులో వందమంది ఉన్నా ఇబ్బంది లేదు. సమానం కావలసింది దాటే వేగాలు, జనం కాదు. పరీక్షల్లో ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే.

ఇప్పుడు గాజు గ్లాసులో 100 మి.లీ. నీళ్ళు తీసుకుని 45 గ్రాముల కల్లుప్పు వేయండి. మెత్తటి ఉప్పు వద్దు, అందులో గడ్డకట్టకుండా కలిపే పొడి నీటిని మసకబారుస్తుంది. బాగా కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. గది వేడిమి దగ్గర సుమారు 36 గ్రాములు కరుగుతాయి, మిగతాది అడుగునే ఉంటుంది. ఇది సంతృప్త ద్రావణం. ఇంకో చెంచా వేసినా నీటి ఉప్పదనం పెరగదు. ఎందుకంటే కొత్త రాళ్ళ మీద నుంచి కరిగి పోయే అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) పెరిగినట్టే, వచ్చి అంటుకునే అయాన్లూ అంతే పెరుగుతాయి. సమతాస్థితి స్థిరాంకం (సమతాస్థితి దగ్గర గాఢతల నిష్పత్తిని చెప్పే అంకె) రాసేటప్పుడు ఘనపదార్థాన్ని వదిలేసేది అందుకే.

ఓ అంచు విరిగిన ఉప్పురాయిని ఆ నీటిలో వేసి కొన్నాళ్ళు ఉంచండి. బరువు దాదాపు అంతే ఉంటుంది, అంచు రూపు మాత్రం మెల్లగా మారుతుంది. పైకి కదలనట్టున్న ఆ గ్లాసులో రాకపోకలు జరుగుతున్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంది! మూత బిగించడం మరవొద్దు. నీరు ఆవిరైతే ఉప్పు పేరుకుంటుంది, అప్పుడు మీరు చూసేది ఉప్పు మళ్ళలో జరిగే పని.

తర్వాత సున్నం. పొడి సున్నం జోలికి వెళ్ళకండి. నీళ్ళు తగిలితే సలసలా కాగి కళ్ళలో చిందుతుంది. కిళ్ళీకొట్టు తడిసున్నం ఒక చెంచాడు అర లీటరు నీటిలో కలిపి, పేరుకున్నాక పైతేట వంచండి. లీటరుకి సుమారు 1.7 గ్రాములే కరుగుతుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది, పంచదారకి పూర్తిగా తలకిందులు.

ఆ తేటలో మామూలు గోళీసోడా కొద్దికొద్దిగా పోయండి. ముందు పాలలా తెల్లబడుతుంది. అది కాల్షియం కార్బనేట్. ఇంకా పోస్తూ ఉంటే మళ్ళీ తేటపడుతుంది:

కాల్షియం కార్బనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్ ⇌ కాల్షియం బైకార్బనేట్

ఆ తేటని మరిగించండి. వాయువు పోతుంది, బాణం ఎడమకి తిరుగుతుంది (అంటే చర్య వెనక్కి నడుస్తుంది), తెల్లటి మడ్డి దిగుతుంది. బోరునీళ్ళు కాచే కాగు అడుగున కట్టే పెచ్చు ఇదే. 1884లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లీచాట్లియర్ చెప్పింది కూడా ఇదే: సమతాస్థితిని ఎటు కదిపినా, ఆ మార్పుని తగ్గించే వైపుకే అది జరుగుతుంది.

ద్రావణీయతా లబ్ధం (సంతృప్త ద్రావణంలోని అయాన్ల గాఢతల గుణకారం) లెక్కల్లో ఒక్క జాగ్రత్త. సున్నంలో ఒక కాల్షియం అయాన్‌కి రెండు హైడ్రాక్సైడ్‌లు కాబట్టి హైడ్రాక్సైడ్ గాఢతని వర్గం చేయాలి.

చివరగా, దగ్గర్లో రొయ్యల చెరువు ఉంటే రైతు పీహెచ్ (నీటి ఆమ్లగుణం తగ్గేకొద్దీ పెరిగే అంకె) చూసేటప్పుడు వెళ్ళండి. పగలు నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, రాత్రి చెరువంతా దాన్ని వదులుతుంది. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసిన అంకెలు పక్కపక్కన రాసుకోండి. ఆ వాయువు తగ్గితే నీటి ఆమ్లగుణమూ తగ్గుతుంది కాబట్టి సాధారణంగా మధ్యాహ్నపు అంకె పెద్దది. బాణం ఎటు తిరిగిందో ఆయనకి మీరే చెప్పగలరు.