దాతల రక్తంలో యాంటిజెన్ టైపింగ్ – మూడో పాఠం: తక్కువ యాంటీసీరంతో మైక్రోప్లేట్ పరీక్ష

గత పాఠంలో నేర్చుకున్న ట్యూబు పద్ధతి నమ్మదగినదే అయినా, దాతలందరి రక్తాన్నీ అలా పరీక్షించబోతే ఖర్చంతా యాంటీసీరం (ఎర్రకణాలపై ఉండే యాంటిజెన్ అనే గుర్తును పట్టే యాంటీబాడీల ద్రవం) దగ్గరే తేలుతుంది. అందుకే ఈసారి 96 గుంటల, గుండ్రని అడుగున్న మైక్రోప్లేటును వాడదాం. ట్యూబులో వేసే చుక్క సుమారు 50 మైక్రోలీటర్లు ఉంటే, ఇక్కడ 25 మైక్రోలీటర్ల యాంటీసీరం, అంతే పరిమాణంలో సెలైన్‌లో కలిపిన 2–3 శాతం ఎర్రకణాల ద్రావణం చాలు.

1945లో కూంబ్స్, మౌరాంట్, రేస్ వివరించిన యాంటీగ్లోబ్యులిన్ పరీక్షలో (కణాలకు అంటుకున్న యాంటీబాడీలను బయటపెట్టే పరీక్ష) కణాలను పదేపదే కడగాలి కాబట్టి, పెద్ద సంఖ్యలో దాతల రక్తాన్ని పరీక్షించి ఏరడానికి అది భారమవుతుంది. నేరుగా కణాలను ముద్దకట్టించే ఐజీఎం రకం యాంటీబాడీలున్న మోనోక్లోనల్ (ఒకే కణవంశం నుంచి తయారైన) యాంటీసీరాన్నే ఎంచుకోండి.

అసలు పొదుపు యాంటీసీరాన్ని పలుచన చేయడంలో ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. తయారీదారు సూచనలు దాటి పలుచన చేస్తున్నాం కనుక, అది పనిచేస్తుందని మీ ప్రయోగశాలలోనే నిరూపించుకోవాలి. కిడ్ రక్తవర్గానికి చెందిన కిడ్ ఎ యాంటిజెన్‌నే తీసుకుందాం: 1:2, 1:4, 1:8, 1:16 పలుచనలు చేసి, కిడ్ ఎ, కిడ్ బి రెండూ ఉన్న కణాలతో పరీక్షించండి. జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న ఇలాంటి కణాలపై యాంటిజెన్ తక్కువగా ఉంటుంది. రెండు ప్రతులున్న కణాలతో పరీక్షిస్తే 1:16 కూడా బాగా పనిచేస్తున్నట్లు కనబడి మోసపోతాం. బలమైన ప్రతిచర్య 1:8 వరకు నిలిస్తే, వాడుకకు 1:4నే ఖాయం చేయండి. ఆ ఒక్క మెట్టు వెనక్కి తగ్గడంలో పిసినారితనం పనికిరాదు.

ప్లేటును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక ఏటవాలుగా పట్టుకుని చూడండి. ముద్దకట్టిన కణాలు గుంట అడుగున బొత్తంలా కదలక నిలుస్తాయి. ముద్దకట్టనివి సన్నని ఎర్రటి ధారగా కిందికి జారతాయి. ధార మొదలై ఆగినట్లుంటే దాన్ని నెగెటివ్‌గా రాయకండి. కణద్రావణం మరీ చిక్కగా ఉందేమో చూసి, మళ్లీ పరీక్షించండి. ప్రతి ప్లేటులోనూ జన్యువు ఒక్క ప్రతే ఉన్న పాజిటివ్ కణాలు, యాంటిజెన్ లేని నెగెటివ్ కణాలు నియంత్రణగా ఉండాల్సిందే.

ఒక రోగికి రెండు యాంటిజెన్లూ లేని యూనిట్లు (దాతల రక్తపు సంచులు) కావాలంటే, ఎక్కువ మందిలో ఉండే యాంటిజెన్‌ను ముందు పరీక్షించండి: తొలి ప్లేటులోనే చాలా యూనిట్లు పక్కకు పోతాయి, రెండో యాంటీసీరం మిగిలినవాటికే ఖర్చవుతుంది. అలా నెగెటివ్‌గా తేలిన యూనిట్‌ను రోగికి కేటాయించే ముందు, దాని నుంచి విడిగా తీసిన నమూనాతో, పలుచన చేయని యాంటీసీరంతో ట్యూబులో ధ్రువీకరించాలి.

అభ్యాసానికి కిడ్ బి యాంటీసీరంతో ఇదే పలుచనల వరుసను చేసి, ప్రతి గుంట ఫలితాన్నీ పట్టికలో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో ఆ పట్టికతోనే పని మొదలుపెడతాం.